మంచం ఎత్తేశాక: పర్లాకిమిడి నుంచి ఒక నిద్రలేమి కేసు

రిఫరల్ చీటీలో ఉన్నవి మూడు ముక్కలే: మోకాళ్ల అరుగుదల, నడుము నొప్పి, నిద్ర లేదు. కింద గీత గీసి "ఆల్‌ప్రజోలం మానలేకపోతున్నారు, చూడగలరు" అని రాశారు శ్రీకాకుళంలో ఆవిడని చూస్తున్న ఎముకల డాక్టరు. ఆల్‌ప్రజోలం అంటే ఆవిడ నిద్ర కోసం వేసుకునే మాత్ర.

ఆవిడకి 58 ఏళ్లు. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఇంటి ముందే టిఫిన్ కొట్టు, ముప్ఫై ఏళ్లది. భర్త లేరు. ఇంట్లో కొడుకు, కోడలు, ఎనిమిదో తరగతి చదివే మనవరాలు. మోకాళ్ల నొప్పి పదేళ్ల కిందట మొదలైంది, నడుము తర్వాత తోడైంది. పొయ్యి దగ్గర నిలబడలేక రెండేళ్ల కిందట కొట్టు కోడలి చేతికిచ్చి మంచమెక్కారు. మంచమెక్కడం అంటే మనకి జబ్బు పడటమనే కదా అర్థం. ఈ కేసంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

నేను క్లినికల్ సైకాలజిస్టుని, మందులు రాయను. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను. నేరుగా చూసింది ఒక్కసారే. మిగతాదంతా ఫోన్‌లోనే, ఎనిమిది వారాలు, వారానికో అరగంట. ఆ మోకాళ్లతో ప్రతివారం బస్సెక్కి రమ్మని అడగలేను, అడిగినా రారు.

మొదటి రోజు ఆవిడ అన్నమాట ఇది: "మోకాళ్లలో గుజ్జయిపోనాది బాబూ. నొప్పి తగ్గితే నిద్దరదే వస్తాది. ముందు నొప్పి సంగతి సూడండి."

నా దగ్గరికి వచ్చే నొప్పి పేషెంట్లలో ఈ మాట అననివాళ్లు అరుదు. పంపే డాక్టర్లలోనూ చాలామంది లెక్క ఇదే. మొదట్లో అది నిజమే కావచ్చు. కానీ వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలకు పైగా నిద్ర పట్టకపోతే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటాం. అప్పటికి అది నొప్పి చెయ్యి వదిలేసి సొంతంగా కాపురం పెట్టేసి ఉంటుంది. పైగా ఎదురు దెబ్బ కూడా కొడుతుంది. నిద్ర చాలని మనిషికి నొప్పిని ఓర్చుకునే హద్దు తగ్గుతుంది, ఒంట్లో నొప్పిని అణిచే ఏర్పాటు బలహీనపడుతుంది. పగటి నొప్పి రాత్రి నిద్రని చెడగొట్టడం కన్నా, చెడిన నిద్ర మర్నాటి నొప్పిని పెంచడమే ఎక్కువగా కనిపిస్తోందని ఇటీవలి పరిశోధనలు చాలావరకు చెబుతున్నాయి. అందుకే నొప్పి తగ్గేదాకా ఆగకుండా నిద్రకి వైద్యం మొదలుపెడతాం.

పొయ్యి లెక్క

నిద్ర ఎప్పుడు పోయిందని అడిగితే రాత్రితో సహా చెప్పారు. 2018 అక్టోబరు, తిత్లీ తుపాను. పలాస దగ్గర తీరం దాటి, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాని ఊపేసిన తుపాను అది. వాళ్ల ఇంటి రేకులు లేచిపోయాయి. తెల్లారేదాకా మనవరాలిని ఒళ్లో పెట్టుకుని గోడ మూల కూర్చున్నారు. ఆ తర్వాత కొన్ని నెలలు గాలి చప్పుడైతే చాలు, లేచి కూర్చునేవారట. పీడకలలు వస్తున్నాయా, తుపాను మాట ఎత్తితే తప్పించుకుంటున్నారా అని అడిగాను, అవేవీ లేవు. భయం దానంతటది పోయింది. నిద్ర మాత్రం ఐదేళ్లయినా తిరిగి రాలేదు.

ఆర్థర్ స్పీల్మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1980ల్లో నిద్రలేమిని మూడు భాగాలుగా విడదీసి చూపించాడు. మనిషిలో ముందే ఉన్న స్వభావం ఒకటి, దాన్ని రేపిన సంఘటన ఒకటి, ఆ తర్వాత దాన్ని ఆరనివ్వని అలవాట్లు మూడోది. ఆవిడకి పొయ్యి పెట్టి చెప్పాను. "మీది మొదట్నుంచీ చిన్న చప్పుడుకి లేచే నిద్ర, అంటే కట్టెలు ముందే ఎండి ఉన్నాయి. తిత్లీ అగ్గిపుల్ల. ఆ పుల్ల ఆరిపోయి ఐదేళ్లయింది కదా, మరి పొయ్యి ఇంకా ఎలా మండుతోంది?"

కాసేపు ఆగి ఆవిడే అన్నారు: "ఎవులో కట్టె ఎగదోస్తన్నారు."

ఎవరో మొదటి వారం లెక్కల్లో తేలింది. రాత్రి ఎనిమిదిన్నరకి మంచమెక్కుతున్నారు, పొద్దున్న ఐదున్నరకి దిగుతున్నారు. తొమ్మిది గంటలు. అందులో నిద్ర సుమారు 4 గంటల 50 నిమిషాలు. మంచం మీద ఉన్న సమయంలో నిద్రపోయినది 54 శాతం. ఇది 85 దాటితే ఫర్వాలేదంటాం. ఇది కాక మధ్యాహ్నం భోంచేసి మళ్లీ మూడు గంటలు నడుం వాల్చడం. ఇన్సోమ్నియా సివియారిటీ ఇండెక్స్ అని ఏడు ప్రశ్నల కొలత ఉంది, మొత్తం 28 మార్కులు. 15 నుంచి మధ్యస్థం, 22 నుంచి తీవ్రం. ఆవిడకి 21 వచ్చింది. నొప్పి పదికి ఏడు అన్నారు.

గురక, నిద్రలో ఊపిరి ఆగడం, రాత్రిళ్లు కాళ్లలో ఆగని జివజివ, ఫిట్స్, బైపోలార్ (అతి ఉత్సాహానికీ కుంగుబాటుకీ మధ్య మనసు ఊగే జబ్బు) చరిత్ర, అన్నీ అడిగాను. ఏవీ లేవు. ఈ వైద్యంలో పడక సమయం, అంటే మంచం మీద గడిపే సమయం, కుదిస్తాం. ఇవి అడక్కుండా ఎవరికీ అలా కుదించకూడదు.

చదవలేని డైరీ

నిద్ర డైరీ లేకుండా ఈ వైద్యం నడవదు. నా దగ్గర తెలుగులో అచ్చు వేయించిన చక్కటి ఫారం ఉంది, వాట్సాప్‌లో పంపాను. నాలుగు రోజులైనా జవాబు లేదు. ఫోన్ చేస్తే మనవరాలు తీసి, కొంచెం మొహమాటంగా చెప్పింది: "మాకు తెలుగు చదవడం రాదు సార్."

నేను సిగ్గుపడాల్సిన విషయమే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. అక్కడి తెలుగు ఇళ్లలో మాట తెలుగు, బడి ఒడియా. ఆవిడ చదివిన ఐదు తరగతులూ ఒడియాలోనే. అక్షరాలు రానివాళ్లకి ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఒక భాషలో మాట్లాడి ఇంకో భాషలో చదివేవాళ్ల గురించే ఎప్పుడూ ఆలోచించలేదు. మర్నాడు ఆ పిల్లే నోటు పుస్తకంలో ఒడియాలో గళ్లు గీసి ఫొటో పెట్టింది. నాకు ఒడియా రాదు కాబట్టి ఆవిడ రోజూ పొద్దున్నే ఒక వాయిస్ మెసేజ్ పెట్టాలని ఒప్పందం చేసుకున్నాం: ఎప్పుడు పడుకున్నారు, ఎన్నిసార్లు మెలకువ, ఎప్పుడు లేచారు. గడియారం చూడొద్దు, అంచనా చాలు. రాత్రి రెండయింది, మూడయింది అని ఫోన్ వెలిగించి చూడటం ఆవిడ పొయ్యిలో ఇంకో కట్టె.

నిద్రలేమికి ఇంగ్లీషులో మంచి ఆన్‌లైన్ ప్రోగ్రాములున్నాయి. పేషెంటు తనంతట తను వారం వారం పాఠాలు చూసి చేసుకోవచ్చు. ఈవిడకి అవి పనికిరావు. అలాగని ఫోన్ కాల్ తక్కువ రకం వైద్యమేమీ కాదు. కీళ్లు అరిగిన 60 దాటినవాళ్లకి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఫోన్‌లోనే సీబీటీ-ఐ (ఆలోచనలనీ అలవాట్లనీ మార్చి నిద్రలేమిని తగ్గించే, మందుల్లేని వైద్యం) ఇచ్చి చూసిన అధ్యయనం 2021లో వచ్చింది. ఎనిమిది వారాల్లో ఆరు కాల్స్, ఒక్కొక్కటీ అరగంట లోపు. నిద్రలో వచ్చిన మెరుగు ఏడాది తర్వాతా నిలిచింది. నొప్పిలో వచ్చిన కాస్త మెరుగు అంతకాలం నిలవలేదు. ఈ రెండో సంగతి నేను పేషెంట్లకి ముందే చెప్పేస్తాను. నొప్పి పోతుందని ఆశ పెడితే మూడో వారానికే ఫోన్ ఎత్తడం మానేస్తారు.

ఫోన్‌తో నాకున్న అసలు టెన్షన్ వేరు: పక్కన ఎవరున్నారో కనిపించదు. ఫోన్ కొడుకుది, మాట్లాడేది స్పీకర్ మీద. మొదటి రెండు కాల్స్‌లో ఏమడిగినా "బాగానే ఉంది" అన్నారు. మూడో కాల్ నుంచి, ఫోన్ పట్టుకుని పెరట్లో నూతి దగ్గరికి వెళ్లి మాట్లాడమన్నాను. అక్కడ మాట మారింది. కొట్టు చేతులు మారినప్పటి నుంచి ఇంట్లో తను అడ్డంగా ఉన్నట్టు అనిపిస్తోందని చెప్పింది ఆ నూతి గట్టు మీద నుంచే.

వేరే గది లేని ఇల్లు

సీబీటీ-ఐలో రెండు పనులు ముఖ్యం. ఒకటి, మంచం మీద ఉండే సమయాన్ని అసలు నిద్రపోతున్నంత సమయానికి దగ్గరగా కుదించడం. రెండోది రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1972లో ప్రతిపాదించిన పద్ధతి: మంచం నిద్రకి మాత్రమే, నిద్ర రాకపోతే లేచి వేరే గదికి వెళ్లాలి, కళ్లు మూతలు పడితేనే తిరిగి రావాలి. దీర్ఘకాలిక నిద్రలేమికి మందుల కన్నా ముందు ఈ వైద్యమే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది.

నేను అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. ఆవిడ "అలాగే బాబూ" అన్నారు. వారం గడిచింది, ఏమీ మారలేదు.

రెండో వారం వీడియో ఆన్ చేయించి ఇల్లు చూపించమన్నాను. మనవరాలు ఫోన్ తిప్పింది. ఒక పెద్ద గది, వెనక వంటిల్లు, అంతే. గది మధ్యలో నులక మంచం. దాని మీద బామ్ సీసా, వేడినీళ్ల సంచి, మాత్రల డబ్బా, టీవీ రిమోటు, కొట్టు చిల్లర ఉన్న గుడ్డ సంచి, సగం తరిగిన ఉల్లిపాయల పళ్లెం, పిల్ల లెక్కల పుస్తకం. కొడుకూ కోడలూ అదే గదిలో అటు పక్క చాప మీద. మనవరాలు ఇటు పక్క. వేరే గదికి వెళ్లమన్నాను కదా, ఆ గది వీధి అవ్వాలి. దానికి తోడు ఆ మంచం నేలకి జానెడెత్తు, నులక కుంగింది. అరిగిన మోకాళ్లతో దాని మీంచి లేవడానికి ఆవిడ రెండు చేతులూ పట్టెల మీద ఆనించి, పళ్లు బిగించి, మూడు ఊపులు ఊగారు. నిద్ర రాకపోతే రాత్రికి నాలుగుసార్లు ఈ పని చెయ్యమని చెప్పింది నేనే.

ఇంటిని చూడకుండా సలహా ఇచ్చిన తప్పు నాది. క్లినిక్‌లో కూర్చుంటే ఆ మంచం నాకు ఎప్పటికీ కనిపించేది కాదు. ఆన్‌లైన్ వైద్యం మంచిదా కాదా అన్న వాదనలో ఈ ఒక్క లాభాన్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు.

పద్ధతి మార్చాం. కొడుకు నాలుగు ఇటుకలు తెచ్చి కోళ్ల కింద పెట్టి మంచం ఎత్తు పెంచాడు, నులక బిగించాడు. మంచం పక్కనే చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, జీరో వాట్ బల్బు. నిద్ర రాకపోతే కుర్చీలోకి మారితే చాలు, అదీ రాత్రికి రెండుసార్లకి మించొద్దు. అంతకు మించి మెలకువ వస్తే మంచం మీదే లేచి కూర్చోవచ్చు. ఆల్‌ప్రజోలం వేసుకునే మనిషి చీకట్లో లేచి పడితే తుంటి విరుగుతుంది. ఆ భయం ముందు పుస్తకం నియమం ఎంత?

పగలు? ఈ ముక్క నాకు తట్టలేదు, ఆవిడే చెప్పారు. "మా అత్తోరు పొద్దెక్కితే మంచం ఎత్తీమనేవోరు. పగులు మంచం ఏసుంటే ఇంటికి దరిద్రమని." పొద్దున్నే మంచం ఎత్తి గోడకి నిలబెట్టడం ఊళ్లలో మనందరం చూసిందే. బూట్జిన్ చెప్పినదాన్ని ఆవిడ అత్తగారు అంతకు ముందే అమలు చేసేశారు. పగలు మంచం గోడకి నిలబడింది. నడుం లాగినప్పుడు వీధి అరుగు మీద స్తంభానికి ఆనుకుని, కాళ్లు చాపుకుని, ఇరవై నిమిషాలు. కునుకు పడితే పక్కింటివాళ్లు లేపేస్తారు.

పిక్కల పొట్టు

పడక సమయం ఐదున్నర గంటలకి కుదించాం. ఐదు గంటలకి తక్కువ ఎవరికీ పెట్టం, నొప్పి ఉన్నవాళ్లకి ఇంకో అరగంట ఉదారంగా ఉంటాను. లేచే సమయం నాలుగున్నర. దానికి వాదన అవసరం లేకపోయింది, ముప్ఫై ఏళ్లు ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టిన సమయం అదే. అంటే పదకొండు దాకా మెలకువగా ఉండాలి.

"ఏటి బాబూ, నిద్దరే లేదని మీకాడికొస్తే మంచమెక్కొద్దంటారేటి?" అన్నారు. సబబైన ప్రశ్నే. రోజంతా చిరుతిళ్లు తింటే రాత్రి అన్నానికి ఆకలి ఉండదు కదా, నిద్రకీ ఆకలి కావాలని చెప్పాను. సగం నమ్మారు.

కష్టం ఎనిమిదికీ పదకొండుకీ మధ్య. టీవీ ముందు కూర్చుంటే తొమ్మిదికే తల వాలిపోతోంది. చేతికి పని కావాలి, నిలబడే పని కాకూడదు. మర్నాటి చట్నీకి వేరుశనగ పిక్కలు వేయించి పొట్టు తీయడం కోడలి పని, తెల్లారుజామున హడావిడిగా చేసేది. అది రాత్రి పూట అత్తగారి చేతికి వచ్చింది. కోడలు వేయించి చేటలో పోస్తే, కుర్చీలో కూర్చుని నలిపి, ఊది, పొట్టు తీస్తారు. కొట్టులో తనకో భాగం తిరిగి దక్కింది. నిద్రకి అది ఎంత ఉపయోగపడిందో కొలిచే ఇండెక్స్ నా దగ్గర లేదు. వేడి నూనె దగ్గరికి మాత్రం మొదటి మూడు వారాలు వెళ్లొద్దన్నాను. నిద్ర కుదించినప్పుడు పగటిపూట తూగు వస్తుంది, బజ్జీల మూకుడు ముందు తూగితే అంతే.

పదో రోజున కోడలు నాకు ఫోన్ చేసింది. "సార్, ముసలామెని నిద్రపోనీకుండా చేస్తన్నారు. రాత్రి కుర్చీలో తూగుతా ఉంటే సూళ్లేకపోతన్నాం." ఇంట్లోవాళ్లకి ముందే వివరించకపోవడం నా రెండో తప్పు. ఇంకో వారం ఓపిక పట్టమని అడిగాను. కుదించిన మొదటి వారం నిద్ర నిజంగానే తగ్గి 4 గంటల 20 నిమిషాలకి వచ్చింది. రెండో వారం 4 గంటల 50 నిమిషాలు, కానీ ఈసారి తొమ్మిది గంటల్లో కాదు, ఐదున్నరలో. 88 శాతం. పదిహేను నిమిషాలు కలిపి పదిముప్పావుకి పడుకోమన్నాను.

అగ్గిపుల్ల చప్పుడు

నాలుగో కాల్‌లో, నూతి దగ్గర నుంచి మాట్లాడుతుండగా సర్రున అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఆవిడ మాట ముద్దగా మారింది. మా నాయనమ్మది కూడా అదే అలవాటు, అందుకే పోల్చుకున్నాను. అడ్డపొగ: చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. శ్రీకాకుళం వైపు పెద్దవయసు ఆడవాళ్లలో ఇప్పటికీ ఉంది. "సిగరెట్ తాగుతారా?" అని నా ఫారంలో ప్రశ్న ఉంది, ఆవిడ లేదన్నారు. అబద్ధమేమీ కాదు, చుట్ట సిగరెట్ కాదు కదా.

రోజుకి ఆరు. అందులో రెండు అర్ధరాత్రివి, మెలకువ వచ్చినప్పుడు పెరట్లోకి వెళ్లి. నికోటిన్ నిద్రని తరిమే సరుకు. మానెయ్యమని అనలేదు, అంటే ఆ సంగతి మళ్లీ నాతో చెప్పరు. రాత్రి అన్నం తిన్నాక ఒకటి, ఆపైన తెల్లారేదాకా లేదు, అంతవరకే ఒప్పించాను. అడ్డపొగ తాగేవాళ్లకి అంగిట్లో కేన్సర్ ముప్పు ఉంది కాబట్టి పళ్ల డాక్టరుకి చూపించుకోమని గట్టిగా చెప్పాను. చూపించుకున్నారు. అంగిట్లో మచ్చలున్నాయి, ఆరు నెలలకోసారి రమ్మన్నారట.

మాత్రల సంగతి. అర మిల్లీగ్రాము ఆల్‌ప్రజోలం నాలుగేళ్లుగా, ఒకే పాత చీటీ మీద, ఒక మందుల షాపులో. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సింది, ఇచ్చిన ప్రతిసారీ రిజిస్టర్లో రాయాలి. ఎక్కడ రాశారో ఎవరికి తెలుసు. తగ్గించే పని ఎముకల డాక్టరు స్థానిక ఫిజీషియన్‌తో మాట్లాడి చేశారు. మొదటి నాలుగు వారాలు కదపలేదు. పడక సమయం కుదింపు, మాత్ర తగ్గింపు ఒకేసారి చేస్తే ఏది దేనివల్లో తెలియదు. ఐదో వారం నుంచి పావు మిల్లీగ్రాము. ఉన్నపళాన మానేస్తే నిద్రలేమి రెట్టింపై తిరిగొస్తుందని ఆవిడకి ఇదివరకే అనుభవం.

ఒక ఇరకాటం

"ఈ రాత్రి నిద్దర లేకపోతే రేపు కాలు కింద పెట్టలేను." ఈ ఆలోచనే ఆవిడని రాత్రి పదింటి నుంచి వేధించేది. ఇక్కడ థెరపిస్టు నాలుక తడబడుతుంది. నిద్ర చెడితే నొప్పి పెరుగుతుందని మొదటి రోజు చెప్పింది నేనే. ఇప్పుడు ఆ భయాన్ని తగ్గించాల్సిందీ నేనే. నొప్పి పేషెంట్లకి నిద్ర గురించి శాస్త్రం చెప్పేటప్పుడు మనం ఇచ్చే ప్రతి వాక్యం అర్ధరాత్రి రెండింటికి వాళ్ల బుర్రలో ఏమై మోగుతుందో ఆలోచించుకోవాలి. ఇప్పుడు నేను మొదటి వారంలో అంత వివరంగా చెప్పడం మానేశాను.

వాదించకుండా, రాత్రి నిద్రకి పదికి ఎంత, మర్నాడు మధ్యాహ్నం నొప్పికి పదికి ఎంత, రెండు వారాలు చెప్పమన్నాను. మనవరాలు రెండు రంగుల స్కెచ్ పెన్నులతో గీతలు గీసింది. రెండు గీతలూ కొంత కలిసే నడిచాయి, కానీ ఆవిడ అనుకున్నంతగా కాదు. అన్నిటికన్నా చెడ్డ రాత్రి తర్వాత నొప్పి ఆరే ఉంది. నొప్పి ఎనిమిదికి వెళ్లిన రోజు ముందు రాత్రి బాగానే నిద్రపోయారు, కానీ ఆ పగలు పెళ్లివారింట్లో మూడు గంటలు కింద కూర్చున్నారు. "అయితే కూకోడం వల్లా?" అన్నారు ఆవిడ, కాస్త అనుమానంగా.

ఆరో వారంలో అల్పపీడనం, మూడు రోజులు విడవని వాన. రేకుల మీద చినుకుల మోత, మోకాళ్లలో పోటు. మంచం దించేశారు, మూడు రోజులూ దాని మీదే. నిద్ర నాలుగు గంటలకి పడిపోయింది. వాయిస్ మెసేజ్‌లు ఆగాయి. నాలుగో రోజు నేనే ఫోన్ చేశాను. కొత్తగా ఏమీ చెప్పలేదు. వాన ఆగిందా, మంచం ఎక్కడుంది అని మాత్రం అడిగాను. "ఇప్పుడే ఎత్తించాను" అన్నారు. నిజమో కాదో కానీ, ఆ వారాంతానికి లెక్కలు మళ్లీ దారిలో పడ్డాయి.

ఎనిమిదో వారం ఆఖరుకి: పడక పదింపావు నుంచి నాలుగున్నర దాకా, నిద్ర సుమారు ఐదున్నర గంటలు, 88 శాతం. ఇండెక్స్ 21 నుంచి 9కి వచ్చింది. నొప్పి ఏడు నుంచి ఆరు, అంతే. మూడు నెలల తర్వాత ఇండెక్స్ 10. ఆల్‌ప్రజోలం డాక్టరు పూర్తిగా ఆపించారు. చుట్టలు నాలుగు. నొప్పి ఇంకా ఆరే, కానీ "ఉంది గానీ దాని దారిన అదుంది" అన్నారు.

మొన్న మార్చిలో మెసేజ్ పెట్టారు. ఎండలు ముదురుతున్నాయట, అరుగు రాయి కాలిపోతోందట, మధ్యాహ్నం పూట మంచం వేసుకోవచ్చా అని. ఒంటిగంటకి ఒక అరగంట, అలారం పెట్టుకుని, రెండు వారాలు చూద్దామన్నాను. డైరీ మళ్లీ మొదలుపెట్టించాం. ఈసారి మనవరాలు గళ్లు తెలుగులో గీస్తోంది. వాళ్ల నాన్న పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి ఒకటో తరగతి వాచకం తెచ్చాడట.